చక్రవడ్డీ మేడమ్

మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి ఏదో ఒకటి రాయమని కమిటీ వాళ్ళు ఒకటే ఫోన్లు. నుమాయిష్‌లో తప్పిపోయిన మన లీడర్ సంగతి, డస్టర్ కేసు ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు, నేను మాత్రం లెక్కల మేడమ్ గురించే రాస్తాను.

నైన్త్ బీ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు బ్యాంకులో ఒకే మొత్తం వేశారు, చెల్లెలు మొదటి రెండేళ్ళ వడ్డీ వాడేసుకుంది, ఇరవై ఏళ్ళకి తేడా ఎంత? రెండేళ్ళ వడ్డీయే కదా మేడమ్ అన్నాం. ఆవిడ ఏమీ అనకుండా ఏడాది తర్వాత ఏడాది మా చేతే వేయించారు, బోర్డు నిండిపోయింది, వెనక బెంచీ బ్యాచ్ కూడా నోరెత్తలేదు. మొన్న బర్కత్‌పురలో వాళ్ళింటికి వెళ్తే చెప్పారు, పిల్లలప్పుడు ఉద్యోగం మానేసి మళ్ళీ చేరితే మొదటి మెట్టు జీతమే ఇచ్చారట, రిటైరయ్యే దాకా తోటివాళ్ళని అందుకోలేకపోయారట. ఆ లెక్క ఎక్కడిదో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంటర్, డిగ్రీ, కోఠీలో సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, పెళ్ళి, అన్నీ మీకు తెలిసినవే. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక కంపెనీలో జీతాల విభాగం నేనే చూస్తున్నాను. ఒకే రోజు ఒకే జీతానికి చేరిన అమ్మాయికీ అబ్బాయికీ మొదట్లో పెద్ద తేడా ఉండదు. బిడ్డ పుట్టాక ఆమెకి రెండు ఇంక్రిమెంట్లు పోయాయనుకోండి, ఏటా 10 శాతం చొప్పున అతని జీతం 21 శాతం ఎక్కువవుతుంది. ఆ తర్వాత ఇద్దరికీ సమానంగా పెంచినా ఆ 21 శాతం తగ్గదు, రూపాయల్లో తేడా మాత్రం ఏటా పెరుగుతూనే ఉంటుంది, పీఎఫ్, గ్రాట్యుటీ కూడా దాన్ని బట్టే.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పిందీ ఇదే, సంపన్న దేశాల్లో ఆడవాళ్ళ, మగవాళ్ళ జీతాల మధ్య ఇప్పుడు మిగిలిన తేడా చాలావరకు ఒకే వృత్తిలో ఉన్నవాళ్ళ మధ్యే ఉంది, మొదటి బిడ్డతోనే ఎక్కువగా మొదలవుతుంది. మన దగ్గర సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 అయింది. నేను చూసినంతలో దెబ్బ తగిలేది సెలవు తర్వాత ఇంక్రిమెంట్ కోసం వేసే పనితీరు రేటింగ్ దగ్గర. సెలవు ఏడాదికి అంతకుముందు రేటింగే లెక్కలోకి తీసుకోవాలని మా ఆఫీసులో గట్టిగా పట్టుబట్టి మార్పించాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు బాగా గర్వంగా ఉన్న పని అదే, మేడమ్‌కి చెబితే రేటింగ్ ఎలా లెక్కేస్తారో కాగితం మీద వేసి చూపించమన్నారు.

మీ అమ్మాయిల్లో ఎవరైనా సెలవు నుంచి తిరిగి చేరుతుంటే, ఇంక్రిమెంట్ లెటర్ మీద సంతకం పెట్టేముందు నాకు ఫోన్ చేయమనండి.