57 స్టేషన్లు, 59 వరుసలు: జాయిన్ నేర్చుకుంటున్న నోటుపుస్తకం నుంచి

ఆదివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎక్కడో ఒక చోట దిగి, రెండు మూడు గంటలు ఆ వీధులన్నీ తిరిగి, నాలుగు ఫోటోలు తీసుకొని, ఇరానీ హోటల్లో చాయ్ తాగి ఇంటికి రావడం నాకు కొన్నేళ్ళుగా ఉన్న అలవాటు. ఏ స్టేషన్లో ఎక్కాను, ఎక్కడ దిగాను, ఎంత ఖర్చయింది అన్న వివరాలను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటాను. ఉద్యోగం అకౌంట్ల పని కాబట్టి ఎక్సెల్ బాగానే వచ్చు. కానీ ఆ నోటుపుస్తకాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించినప్పుడు ఒకే స్టేషను పేరును పదేపదే కొట్టవలసి రావడం, ప్రతిసారీ వీలుకప్ (ఒక పట్టికలోంచి మరో పట్టికలోకి విలువ వెతికి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) మీద వీలుకప్ రాయవలసి రావడం విసుగనిపించి, ఈ జూన్‌లో పట్టికల్లోని వివరాలను ప్రశ్నలుగా అడిగే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. పాత ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రోగ్రాము వేసుకున్నాను. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలుగా ఉంటుంది, సర్వరు నడపనక్కరలేదు, పట్టికలకూ కాలమ్‌లకూ తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు.

జూన్, రెండో వారం

మొదట మూడు పట్టికలు తయారు చేశాను. ‘లైన్లు’ పట్టికలో రెడ్, బ్లూ, గ్రీన్ అని 3 వరుసలు. ‘స్టేషన్లు’ పట్టికలో 57 వరుసలు, ఒక్కొక్క దానికి ఒక నంబరు. మూడోది ‘స్థానాలు’: ఏ లైన్లో ఏ స్టేషను ఎన్నోది అన్నది చెప్పే పట్టిక. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వరకు రెడ్ లైన్లో 27, నాగోల్ నుంచి రాయదుర్గ్ వరకు బ్లూ లైన్లో 23, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ నుంచి ఎంజీబీఎస్ వరకు గ్రీన్ లైన్లో 9.

మొదటి జాయిన్ రాసి స్టేషన్లను స్థానాలతో కలిపితే 59 వరుసలు వచ్చాయి. ఉన్నవి 57 స్టేషన్లు కదా, రెండు ఎక్కువ ఎలా వచ్చాయని, ఏదో రెండుసార్లు ఎక్కించానేమోనని అరగంట వెతికాను. తప్పేమీ లేదు. అమీర్‌పేట్ రెడ్ లైన్లోనూ ఉంది, బ్లూ లైన్లోనూ ఉంది. ఎంజీబీఎస్ రెడ్‌లోనూ ఉంది, గ్రీన్‌లోనూ ఉంది. జాయిన్ చేసే పని రెండు పట్టికలను పక్కపక్కన అతికించడం కాదు; షరతు నెరవేరిన ప్రతి జతకూ ఒక వరుస ఇవ్వడం. అమీర్‌పేట్‌కు అటువైపు రెండు జతలు దొరికాయి కాబట్టి అది రెండుసార్లు వచ్చింది. వీలుకప్ అయితే మొదటి జతను చూపించి ఊరుకునేది, రెండోది ఉందన్న సంగతే నాకు తెలిసేది కాదు.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. క్వెరీ (ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రశ్న) నడిపే ముందే ఎన్ని వరుసలు రావాలో నోటుపుస్తకంలో ఎడమ పక్క పెన్సిలుతో రాస్తాను, వచ్చినవి ఎన్నో కుడి పక్క పెన్నుతో రాస్తాను. రెండూ కలవకపోతే కారణం తెలిసేదాకా మరో క్వెరీ రాయను. ఈ మూడు నెలల్లో నేను నేర్చుకున్నదంతా దాదాపుగా ఆ రెండు అంకెలు కలవని చోట్లనే నేర్చుకున్నాను.

జూన్, చివరి వారం

మా బావగారు ఇరవై ఏళ్ళుగా ఒరాకిల్ డేటాబేస్ మీద పనిచేస్తున్నారు. ఆయన ఇంటికి వచ్చినప్పుడు నా క్వెరీలు చూపించాను. “ఇంత పొడుగు ఎందుకు? ఫ్రమ్‌లో రెండు పట్టికలకూ మధ్య కామా పెట్టు, కలిపే షరతు వేర్‌లో రాయి, అయిపోయింది” అన్నారు. క్వెరీలో ఏ పట్టికలు కావాలో చెప్పే భాగం ఫ్రమ్, ఏ వరుసలు కావాలో చెప్పే భాగం వేర్. ఆయన చెప్పిన పద్ధతి తప్పు కాదు, పాతది. జాయిన్, ఆన్ అని విడిగా రాసే పద్ధతి 1992 నాటి ప్రమాణంతో వచ్చింది. ఆయన వెళ్ళాక అలాగే రాసి చూశాను. వేర్‌లో షరతు రాయడం మరిచిపోయి నడిపితే 3363 వరుసలు కుప్పగా పడ్డాయి. 57ను 59తో హెచ్చవేస్తే వచ్చే అంకె అది: ప్రతి స్టేషనూ ప్రతి స్థానంతో జతకట్టింది.

జాయిన్ అని రాసి ఆన్ మరిచిపోయినా ఎస్‌క్యూలైట్ ఏమీ అనకుండా ఇదే గుణకారం చేసి పెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ అయితే వాక్యం తప్పని ఆపేస్తుంది. నాలాంటి కొత్తవారికి ఆపేసేదే మేలనిపించింది. బావగారి మీద గౌరవం ఉన్నా నేను ఆన్ పద్ధతికే ఉండిపోయాను, ఎందుకంటే కలిపే షరతు ఆన్ పక్కన, వడపోసే షరతు వేర్ పక్కన ఉన్నప్పుడు ఏది మరిచిపోయానో కంటికి తెలుస్తుంది.

జులై, మొదటి వారం

నిరుటి ప్రయాణాలు 43 ఎక్కించాను. తొందరలో స్టేషను నంబరుకు బదులు పేరునే కొట్టాను. దిగిన స్టేషను పేరుతో స్టేషన్ల పట్టికను కలిపాను. అంచనా 43, వచ్చినవి 38.

మాయమైన అయిదింటిలో ఒకటి తేలికగా దొరికింది. వానలో తడిసి అక్షరాలు చెరిగిపోయిన పేజీలోది, దిగిన స్టేషను ఖాళీగా ఉంది, అంటే నల్. నల్ దేనితోనూ సమానం కాదు, మరో నల్‌తో కూడా కాదు, కాబట్టి మామూలు జాయిన్‌లో అది రాలిపోతుంది. మిగిలిన నాలుగూ అమీర్‌పేట్ ప్రయాణాలు. రెండు పట్టికల్లోనూ పేరు అమీర్‌పేట్ అనే ఉంది. తెర మీద పెద్ద అక్షరాల్లో పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించలేదు. వేరే రోజుల్లో నేనే కీబోర్డు మీద కొట్టిన అమీర్‌పేట్‌లు మాత్రం చక్కగా కలిశాయి.

చివరకు లెంగ్త్ అనే ఫంక్షన్‌తో పొడవు అడిగాను. స్టేషన్ల పట్టికలోని పేరుకు 10 వచ్చింది, ఆ నాలుగు ప్రయాణాల్లోని పేరుకు 11 వచ్చింది. తెలుగులో రాసేవారికి ఇది తెలిసి ఉండవలసిన విషయం. అమీర్‌పేట్ అని రాసేటప్పుడు ‘ర్’కూ ‘పే’కూ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, అది లేకపోతే ఆ రెండూ కలిసి ‘ర్పే’ అనే ఒత్తుగా మారిపోతాయి. ఆ గుర్తు పదం మధ్యలో అవసరమే. ఆ నాలుగు పేర్లూ నేను ఒక వార్తలోంచి కాపీ చేసి అతికించినవి, వాటిలో అదే గుర్తు పదం చివర కూడా ఉంది. చివర ఉంటే కంటికి ఏ మార్పూ తెలియదు, డేటాబేస్‌కు మాత్రం అది మరో అక్షరం.

యూనికోడ్‌లో ఆ గుర్తు సంఖ్య 8204. అన్ని చోట్లా దాన్ని తీసేద్దామని మొదట రీప్లేస్ వాడాను. పేరు కాస్తా ‘అమీర్పేట్’ అయి కూర్చుంది. తరువాత ఆర్‌ట్రిమ్ ఫంక్షన్‌కు ఆ గుర్తును ఇచ్చి చివరిదాన్ని మాత్రమే కత్తిరించాను. 42 వరుసలు వచ్చాయి. ఆ సాయంత్రమే ప్రయాణాల పట్టికలోని పేర్లన్నిటినీ స్టేషను నంబర్లుగా మార్చేశాను. పేరు మనుషులు చదువుకోవడానికి, జాయిన్‌కు నంబరు వాడాలి.

జులై, మూడో వారం

ఎక్కిన స్టేషను పేరూ దిగిన స్టేషను పేరూ ఒకే వరుసలో కావాలంటే స్టేషన్ల పట్టికను రెండుసార్లు కలపాలి. ఒక పట్టికను రెండుసార్లు పిలవవచ్చని నాకు తట్టడానికే ఒక రోజు పట్టింది. ఒకసారి ‘ఎక్కినది’ అనీ, మరోసారి ‘దిగినది’ అనీ మారుపేర్లు పెట్టి, మొదటిదాన్ని ఎక్కిన నంబరుతోనూ రెండోదాన్ని దిగిన నంబరుతోనూ కలిపాను. రెండోది లెఫ్ట్ జాయిన్‌గా, అంటే జత దొరకకపోయినా ఎడమ పట్టికలోని వరుస నిలిచేలా, రాశాను కాబట్టి తడిసిన పేజీలోని ప్రయాణం కూడా దిగిన చోటు ఖాళీతో వచ్చింది. అంచనా 43, వచ్చినవి 43.

ఆగస్టు, మొదటి వారం

లెఫ్ట్ జాయిన్ అర్థమైందనుకున్నాను. నిరుడు జులైలో ఏ స్టేషన్లో ఎన్నిసార్లు దిగానో, దిగని స్టేషన్ల పక్కన సున్నాతో సహా, మొత్తం 57 వరుసలుగా చూడాలనుకున్నాను. స్టేషన్లను ఎడమ పక్క పెట్టి, ప్రయాణాలను లెఫ్ట్ జాయిన్ చేసి, తేదీ జులైలో ఉండాలని వేర్‌లో రాసి, స్టేషను వారీగా గ్రూప్ బై (ఒక స్టేషను వరుసలన్నిటినీ ఒకటిగా చేర్చడం) చేశాను. వచ్చినవి 4.

దిగని స్టేషన్లకు ప్రయాణం వైపు అన్ని కాలమ్‌లూ నల్‌గా వస్తాయి. ఆ తరువాత వేర్ వచ్చి తేదీ జులైదేనా అని అడుగుతుంది; నల్ అవునని చెప్పలేదు కాబట్టి లెఫ్ట్ జాయిన్ కష్టపడి నిలబెట్టిన వరుసలన్నీ అక్కడ పోతాయి. తేదీ షరతును వేర్‌లోంచి తీసి ఆన్ పక్కన ‘మరియు’ అని చేర్చగానే 57 వచ్చాయి. అయినా అంకెలు తప్పే: దిగని స్టేషన్ల పక్కన సున్నాకు బదులు 1 కనిపించింది. కౌంట్‌లో నక్షత్రం గుర్తు పెడితే అది వరుసలను లెక్కిస్తుంది, ఖాళీగా నిలబడిన వరుస కూడా వరుసే. నక్షత్రం తీసి ప్రయాణం నంబరు కాలమ్‌ను లెక్కించమంటే సున్నాలు వచ్చాయి.

అదే వారం, నేను ఇంతవరకు ఒక్కసారి కూడా దిగని స్టేషన్లు ఏవో చూద్దామనుకున్నాను. ప్రయాణాల్లోని దిగిన నంబర్లలో లేని స్టేషన్లు కావాలని నాట్ ఇన్‌తో అడిగితే ఒక్క వరుస కూడా రాలేదు. మళ్ళీ ఆ తడిసిన పేజీయే. జాబితాలో ఒక్క నల్ ఉన్నా చాలు, ఏ స్టేషను గురించి అయినా ‘ఇది ఆ జాబితాలో కచ్చితంగా లేదు’ అని చెప్పడం నాట్ ఇన్‌కు సాధ్యం కాదు. లెఫ్ట్ జాయిన్ చేసి ప్రయాణం నంబరు నల్‌గా ఉన్నవి మాత్రమే అడిగితే 35 వచ్చాయి. నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాసినా అవే 35. అంటే నేను తిరిగాననుకున్న హైదరాబాద్ 22 స్టేషన్లే. ముషీరాబాద్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ వంటివన్నీ ఆ 35లోనే ఉన్నాయి.

ఆగస్టు, చివరి వారం

ఖర్చులకు ఒక పట్టిక, ఫోటోలకు ఒక పట్టిక చేర్చాను. సుల్తాన్ బజార్ వెళ్ళిన ఒక ఆదివారం ఖర్చు ఎంతో అడిగితే 4320 రూపాయలని వచ్చింది. నాకు గుండె ఆగినంత పనైంది. నోటుపుస్తకంలో ఆ రోజు ఖర్చు నాలుగు పద్దులు: చాయ్ 40, ఉస్మానియా బిస్కట్లు 30, ఆటో 60, పాత పుస్తకాలు 350, మొత్తం 480. ఆ రోజు తీసిన ఫోటోలు 9. ఒకే క్వెరీలో ప్రయాణానికి ఖర్చులనూ ఫోటోలనూ రెండింటినీ కలిపాను కాబట్టి ప్రతి పద్దూ ప్రతి ఫోటోతో జతకట్టి 36 వరుసలయ్యాయి, ప్రతి రూపాయీ తొమ్మిదిసార్లు లెక్కకు వచ్చింది. ఖర్చుకూ ఫోటోలకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. ఇద్దరికీ తెలిసినది ప్రయాణం ఒక్కటే.

ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే ఉంచే డిస్టింక్ట్ పెడితే సరిపోతుందని మొదట అనిపించింది. అది ప్రమాదం: ఒకే రోజు రెండుసార్లు 40 రూపాయల చాయ్ తాగితే ఒకటి ఎగిరిపోతుంది. ఖర్చులను ప్రయాణం వారీగా ముందే కూడి ఒక్కో వరుసగా చేసుకొని, ఫోటోలను కూడా అలాగే ముందే లెక్కపెట్టుకొని, ఆ తరువాతే ప్రయాణాలకు కలపాలి. విత్ అనే పదంతో ఆ రెండు మధ్యంతర ఫలితాలకూ పేర్లు పెట్టి రాస్తే చదవడానికి కూడా హాయిగా ఉంది. ఈ తప్పు ఎక్కువ భయపెట్టేది ఎందుకంటే ఫలితంలో వరుసల సంఖ్య సరిగ్గానే కనిపిస్తుంది, మొత్తం మాత్రమే ఉబ్బుతుంది. అప్పటినుంచి గ్రూప్ బై పెట్టే ముందు, అది లేకుండా ఎన్ని వరుసలు వస్తాయో కూడా ఒకసారి చూస్తున్నాను.

రెండు వైపులా జత దొరకని వరుసలను నిలిపే ఫుల్ జాయిన్ కూడా ఒకసారి ప్రయత్నించాను, నా పాత ల్యాప్‌టాప్ ఒప్పుకోలేదు. ఎస్‌క్యూలైట్‌లో రైట్ జాయిన్, ఫుల్ జాయిన్ 2022లో వచ్చిన 3.39 వెర్షన్‌తోనే మొదలయ్యాయట. కొత్తది వేసుకున్నాను గానీ నా పట్టికలకు దాని అవసరం ఇంతవరకు పడలేదు.

సెప్టెంబరు, రెండో వారం

ఒక పట్టికను దానితోనే కలపడం ఈ వారం పాఠం. స్థానాల పట్టికను ‘ఇది’ అనీ ‘తరువాతది’ అనీ రెండుసార్లు పిలిచి, లైను ఒకటే అయి ఉండాలి, తరువాతది స్థానంలో ఒకటి ఎక్కువ ఉండాలి అని ఆన్‌లో రాశాను. ప్రతి లైన్లోనూ చివరి స్టేషనుకు తరువాతది ఉండదు కాబట్టి 59 లోంచి 3 తీసేసి 56 అని అంచనా రాశాను. 56 వచ్చాయి. లెఫ్ట్ జాయిన్‌గా మారిస్తే 59. ఖాళీతో నిలిచినవి ఎల్‌బీ నగర్, రాయదుర్గ్, ఎంజీబీఎస్.

లైన్లు మారగల స్టేషన్లకు అదే పద్ధతి వాడాను. స్టేషను ఒకటే, లైను వేరు అని రాస్తే 4 వచ్చాయి: అమీర్‌పేట్ రెడ్-బ్లూ ఒకసారి, బ్లూ-రెడ్ మరోసారి, ఎంజీబీఎస్ కూడా అంతే. ‘వేరు’కు బదులు మొదటి లైను నంబరు రెండోదానికన్నా చిన్నది అని రాస్తే 2 మిగిలాయి. కానీ నేను ప్రతి నెలా లైను మారే మూడో చోటు అందులో లేదు. బ్లూ లైన్లో దాని పేరు పరేడ్ గ్రౌండ్, గ్రీన్ లైన్లో జేబీఎస్ పరేడ్ గ్రౌండ్. నా పట్టికలో రెండు వేర్వేరు నంబర్లు. దిగి నాలుగడుగులు నడిస్తే రెండో లైను అందుకోవచ్చన్న సంగతి నాకు తెలుసు, పట్టికకు నేనెప్పుడూ చెప్పలేదు. రెండింటినీ ఒకే నంబరు చేద్దామా అని ఆలోచించాను. అలా చేస్తే స్టేషన్లు 56 అవుతాయి, బోర్డు మీది పేర్లతో లెక్క కలవదు. అందుకని ‘నడక’ అనే మరో చిన్న పట్టిక పెట్టి, అందులో ఒకే ఒక్క వరుస రాసి, యూనియన్ ఆల్‌తో పై ఫలితానికి చేర్చాను. అంచనా 3, వచ్చినవి 3.

ఇప్పుడు ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకైనా మధ్యలో ఎన్ని స్టేషన్లు వస్తాయో లెక్కించే క్వెరీ రాస్తున్నాను. దానికి పక్కపక్క స్టేషన్ల జతలు రెండు దిక్కులకూ కావాలి: 56కు రెట్టింపు 112, నడక దారి రెండు వైపులా కలిపితే 114. ఎడమ పక్క పెన్సిలుతో 114 అని రాసి ఉంచాను.