సూదిమందు రోజు

మన 1984 పదో తరగతి బ్యాచ్ వాళ్ల చేతులు చూస్తే వయసు చెప్పెయ్యొచ్చు. భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ, చాలామందికి దానితోపాటు మశూచి టీకా మచ్చలు. మశూచి టీకా నొప్పి మనకెవరికీ గుర్తులేదు, అప్పటికి పసివాళ్లం. పళ్లున్న చిన్న చక్రాన్ని చర్మానికి ఆనించి మెలితిప్పేవారని, పక్కు రాలేదాకా పిల్లల్ని ఎత్తుకోవడమే కష్టమయ్యేదని మా నాయనమ్మ చెప్పేది. దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో వచ్చింది. మనకన్నా బాగా చిన్నవాళ్ల చేతులకి ఆ మచ్చలు లేవు.

మనకి గుర్తున్నది పదో తరగతిలో వేసిన టీటీ, అంటే ధనుర్వాతం రాకుండా వేసే సూది. హెల్త్ సెంటర్ జీపు బడి ముందు ఆగగానే కబురు అన్ని క్లాసులకీ పాకేది. వరండా చివర కిరసనాయిలు స్టవ్, దానిమీద స్టీలు పెట్టెలో గాజు సిరంజీలు, సూదులు గలగలమని ఉడికేవి. స్పిరిట్ వాసన హెడ్మాస్టారి గది దాకా కొట్టేది. సూది మొద్దుబారితే రాయి మీద సానపట్టి మళ్లీ వాడే కాలం అది. వేయించుకుని వచ్చేవాడి మొహంకేసే అందరి చూపూ.

"ఏటిరా, నొప్పెట్టిందా?"

"నీకే తెలుస్తాదిలే, పో."

సూది తగలకముందే మనవాడొకడు కళ్లు తిరిగి పడిపోయాడు. దాంతో లైనంతా చెదిరిపోయింది. భయానికి ఒక్కసారిగా గుండె వేగం, బీపీ పడిపోతే అలా అవుతుందని, ఆ వయసు పిల్లల్లో ఇది మామూలేనని, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచితే కాసేపట్లో తేరుకుంటారని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం మందు పడకే వాడికి ఏదో అయిపోయిందని ఆడపిల్లలు ఏడుపు మొదలెట్టారు.

మాస్టార్లందరూ "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్నారు. మొదటి ముగ్గురూ బయటికొచ్చాక ఆ మాట ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పింది ఒక్క నర్సమ్మే. నా వంతు వచ్చినప్పుడు జబ్బ పట్టుకుని, "నొప్పెడతాది బాబూ. రేపు చెయ్యెత్తలేవు, రెండ్రోజుల్లో తగ్గిపోతాది. చెయ్యి బిగించకు, వదిలెయ్. ఏదీ, ఓసారి దగ్గు" అంది. దగ్గాను. దగ్గు అయ్యేలోపు సూది దిగి బయటికి వచ్చేసింది కూడా. కండ బిగిస్తే నొప్పి ఎక్కువవుతుంది. దగ్గితే కొంత తగ్గుతుందని తర్వాత పరిశోధనల్లోనూ తేలింది. ఆవిడ అనుభవంతోనే చెప్పి ఉంటుంది. మర్నాడు ఆవిడ చెప్పినట్టే అయింది. పుస్తకాల సంచి మరో భుజానికి మారింది. ఆడపిల్లలు జడలు వేసుకోలేక అమ్మల చేత వేయించుకుని వచ్చారు. టీటీలో ఉండే అల్యూమినియం లవణం రక్షణ కణాలను సూది పడ్డ చోటికి రప్పిస్తుంది, అందుకే అక్కడ గట్టిపడి సలుపుతుంది. ముందే చెప్పారు కాబట్టి నాకు ఆ సలుపు టెన్షన్ పెట్టలేదు.

కానీ నొప్పి అంటే మన బ్యాచ్‌కి గుర్తుకురావాల్సినవాడు వేరే ఉన్నాడు. పేరు రాయను, మీకందరికీ తెలుసు. ట్యూషన్ నుంచి వస్తుంటే వాడి పిక్కని పిచ్చికుక్క పట్టేసింది. ఊళ్లో పెద్దలు మంత్రం వేయించమన్నారు, పసరు మింగించమన్నారు. వాళ్లమ్మ ఒక్కటే మాట అంది: "నొప్పెడితే పెడతాది. నా గుంటడు బతకాల."

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. రోజూ నరసన్నపేటలో బస్సెక్కి, మడపాం వంతెన దాటి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి. క్లాసులో వంతులేసుకుని వాడితో వెళ్లేవాళ్లం, హాజరు సంగతి మాస్టారే చూసుకున్నారు. అప్పటి మందు గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. మోతాదు ఎక్కువ కాబట్టి పొట్ట మీద వేసేవారు. మొదటి నాలుగైదు రోజులు వాడు పళ్లు బిగపట్టి ఊరుకున్నాడు. తర్వాత పొట్టంతా గడ్డలు కట్టింది. సూది వేసేముందు గడ్డల మధ్య మెత్తటి చోటు కోసం వేలితో నొక్కి వెతికేవారు. సూది కన్నా ఆ నొక్కుడే భరించలేనని చెప్పేవాడు. నిక్కరు బొడ్డు కిందికి జార్చి, చొక్కా తగలకుండా ముందుకి పట్టుకుని బస్సులో నిలబడేవాడు. సీటిచ్చినా కూర్చోలేకపోయేవాడు. ఒక్కరోజు కూడా మానలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు లేదు. వాడు ఇవాళ మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నాడు.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఆ పద్నాలుగు సూదుల కథని మనం మనవలకి చెబుతున్నాం గానీ, ఆ మందు పోయిందన్న సంగతి చెప్పడం లేదు. మన దేశంలో దాన్ని ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు జబ్బకే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి, ప్రతిసారీ రెండు చోట్ల చుక్కంత మందు. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ ఇచ్చే ఇంకో మందు నొప్పిగానే ఉంటుంది, అదీ దాచకుండా చెప్పాలి. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడగాలి. మొన్నీమధ్య మా వీధి కుర్రాడొకడు కుక్క కరిచిన సంగతి ఇంట్లో రెండ్రోజులు దాచాడు. ఎందుకురా అంటే, "బొడ్డు చుట్టూ పొడుస్తారంట కదా, తాతా" అన్నాడు. వాడికి ఆ భయం పెట్టింది మన తరమే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2021లో కోవిడ్ టీకాలప్పుడు మన వాట్సాప్ గ్రూపులో ఎవరికి ఎంత జ్వరం వచ్చిందో, ఎవరి చెయ్యి ఎన్నాళ్లు సలిపిందో ఉన్నదున్నట్టు రాసుకున్నాం. వెనకాడుతున్నవాళ్లు అవి చదివే వెళ్లి వేయించుకున్నారు.

ఇప్పుడు టీటీ బదులు, ధనుర్వాతంతోపాటు డిఫ్తీరియాకీ పనిచేసే టీడీ వేస్తున్నారు, అదే 10, 16 ఏళ్లకి. సిరంజి ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు, సూది సన్నం. మన బడిలో వేసే రోజు ఊళ్లో ఉన్నవాళ్లం వెళ్లి పిల్లల దగ్గర కూర్చుందాం. నొప్పి ఎంతసేపుంటుందో చెబుదాం, అయ్యాక కాసేపు కూర్చోబెడదాం. తేదీ హెల్త్ సెంటర్లో కనుక్కుని గ్రూపులో పెట్టే పని నాది.