శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలకు: ఎల్లిస్ మార్సాలిస్ గారి జ్ఞాపకంగా నా పియానో సాధన

జనవరి 17, 2025, శుక్రవారం

ఈ ఏప్రిల్ 1కి జాజ్ పియానో వాయించిన ఎల్లిస్ మార్సాలిస్ గారు పోయి ఐదేళ్ళు నిండుతాయి. ఆ రోజుకల్లా 12 బార్ల బ్లూస్ (పన్నెండు బార్ల చుట్టు మళ్ళీ మళ్ళీ తిరిగే పాట) ఒకటి రెండు చేతులతో ఆగకుండా ఐదు నిమిషాలు వాయించాలని పెట్టుకున్నాను. బారు అంటే తాళంలో ఒక చిన్న భాగం; బారుకి 4 దెబ్బలు, 12 బార్లకి 48. నిమిషానికి 96 దెబ్బల వేగంలో ఒక చుట్టుకి 30 సెకన్లు పడుతుంది, పది చుట్లకి ఐదు నిమిషాలు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇంకోలా చెప్పాలంటే ఒక చుట్టు ఆదితాళంలో ఆరు ఆవర్తనాలు.

వాయించేది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డిజిటల్ పియానో. 88 కీలు, బరువున్న కీలు. నేనుండే న్యూ ఆర్లీన్స్ తేమకి మామూలు పియానో శ్రుతి నిలవదు. పైగా అపార్ట్‌మెంట్‌లో రాత్రి పది దాటాక హెడ్‌ఫోన్స్ తప్పవు.

ప్రతి శుక్రవారం రాత్రి ఎనిమిదికి ఫోన్‌లో ఒక చుట్టు రికార్డు చేసి దాచుకుంటాను. ఆ వేళ ఊరికే పెట్టుకోలేదు. ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌లో స్నగ్ హార్బర్ అనే చిన్న హాలు ఉంది. అక్కడ ఆయన దాదాపు మూడు దశాబ్దాల పాటు శుక్రవారాలు వాయించారు, ఎనిమిదికి ఒక సెట్టు, పదికి ఒక సెట్టు. 2019లో ఒక శుక్రవారం నేనూ వెళ్ళాను. పైన బాల్కనీలో కూర్చున్నాను. జాజ్ అంటే ఏమిటో అప్పటికి తెలియదు. నా చూపంతా డ్రమ్స్ మీదే ఉంది. ఆయన ఎడమ చెయ్యి ఏం చేసిందో ఒక్కసారి కూడా చూడలేదు. మళ్ళీ వద్దాంలే, ప్రతి వారం ఉంటారుగా అనుకున్నాను.

జనవరి 22

నిన్న ఊళ్ళో మంచు పడింది. విమానాశ్రయం దగ్గర 8 అంగుళాలు. ఆఫీసులు, రోడ్లు అన్నీ మూతపడ్డాయి. రెండు రోజుల్లో నాలుగు గంటలు కూర్చుంటే మణికట్టు నొప్పి పట్టుకుంది. కారణం కుర్చీ. మోచేయి కీల కన్నా కిందికి ఉంటోంది. గట్టి దిండు వేసి నాలుగు సెంటీమీటర్లు ఎత్తు పెంచాక హాయిగా ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు ఇది సరిచూసుకోండి, తర్వాతే పాఠం.

జనవరి 31, శుక్రవారం

వారానికి ఒకసారి వెళ్ళే మాస్టారు నా రికార్డింగ్ విని అన్న మొదటి మాట: "నీ ఎడమ చెయ్యి ఊపిరి పీల్చుకోవడం లేదు."

నిజమే. చిన్నప్పుడు విజయవాడలో అమ్మ దగ్గర శ్రుతిపెట్టె పెట్టుకుని సరళీ వరసలు, జంట వరసలు నేర్చుకున్నవాణ్ణి. వెనకాల షడ్జం మోగుతూ లేకపోతే నాకు కాలి కింద నేల లేనట్టు ఉంటుంది. అందుకే కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మారేదాకా దాని మూలస్వరాన్ని అదిమిపట్టి, పైగా స్వరాన్ని మోగుతూ ఉంచే పెడల్ తొక్కుతున్నాను. మాస్టారు పెడల్ తీగ పీకి పక్కన పెట్టించారు. మూలస్వరం కూడా వదిలెయ్యమన్నారు. ముగ్గురు కలిసి వాయించే ట్రియోలో ఆ పని బేసు వాయించేవాళ్ళది, పియానో వాళ్ళ చోటు ఆక్రమించకూడదట. కార్డులోంచి మూడో స్వరం, ఏడో స్వరం చాలు. రెండే వేళ్ళు.

ఇది రాసిపెట్టుకోవలసిన సంగతి. సి అనే కీని షడ్జం అనుకోండి. సి7 అనే కార్డుకి ఎడమ చేతిలో అంతర గాంధారం, పైన కైశికి నిషాదం. ఎఫ్7 రాగానే రెండు వేళ్ళూ ఒక్కొక్క కీ కిందికి: సాధారణ గాంధారం, చతుశ్రుతి ధైవతం. జి7కి మొదటి చోటు నుంచి ఒక్కొక్క కీ పైకి: శుద్ధ మధ్యమం, కాకలి నిషాదం. అంతే. నాలుగు బార్లు సి7, రెండు ఎఫ్7, రెండు సి7, ఒకటి జి7, ఒకటి ఎఫ్7, చివర రెండు సి7. బ్లూస్ మొత్తానికీ ఎడమ చెయ్యి కదిలేది జానెడు కూడా కాదు.

ఫిబ్రవరి 9

ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేసి వినిపించాను. బ్లూస్ కాదు, మాస్టారు పక్కన ఇచ్చిన ఇంకో పాఠం. డి మైనర్ 7, జి7, సి మేజర్ 7, ఈ మూడు కార్డులు వరసగా. జాజ్ పాటల్లో సగం చోట్ల ఈ మెలికే తగులుతుంది. ఒక్కొక్క కార్డు మీద కుడి చేత్తో దానికి సరిపోయే స్వరాలు పైకీ కిందికీ నడిపాను.

అమ్మ కాసేపు విని, "ఒరేయ్ నాన్నా, మొదటిది ఖరహరప్రియ, రెండోది హరికాంభోజి, చివర శంకరాభరణంలో దిగావు. గ్రహభేదమే కదరా ఇది!" అంది.

మూడూ ఒకే తెల్ల కీలు. రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఖరహరప్రియ, పంచమాన్ని చేసుకుంటే హరికాంభోజి. మూడు వారాలుగా అంకెలు వేసుకుని బట్టీ పట్టినదాన్ని అమ్మ అర నిమిషంలో పట్టేసింది. తేడా కూడా ఆవిడే చెప్పింది: "మనం ఒక షడ్జం మీద కూర్చుంటాం, వీళ్ళు ఇల్లు మారుతూ పోతున్నారు." గమకం లేకుండా అవి రాగాలు కావు, నాకూ తెలుసు. కానీ వేళ్ళకి దారి దొరికింది. ఆ సాయంత్రం నుంచి ఆ పాఠం మళ్ళీ పుస్తకం చూసి వాయించలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

వేగం 72. ఏడు చుట్ల తర్వాత తప్పాను. టిక్కు టిక్కుమని వేగం చూపే మెట్రోనోమ్‌ని 36కి పెట్టి, ఆ టిక్కుని బారులో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకోవాలి. మొదటి వారం నరకం. నా చెయ్యి సమం మీద పడాలని చూస్తుంది, టిక్కు పక్క దెబ్బ మీద వస్తుంది. నోటితో "ఒకటి రెండు మూడు నాలుగు" అంటూ రెండూ నాలుగూ చప్పట్లు కొట్టాను. నాలుగు రోజులకి కుదిరింది. స్వింగ్ అనే జాజ్ ఊగే నడకకి తిశ్రం పనికొచ్చింది: "తకిట"లో "త", "ట" మాత్రమే వాయించి "కి"ని మింగెయ్యడం.

ఫిబ్రవరి 23

ఈ వారం సాధన తక్కువ, ఆయన గురించి చదవడం ఎక్కువ.

1934లో ఇదే ఊళ్ళో పుట్టారు. 1955లో ఇక్కడి డిల్లార్డ్ యూనివర్సిటీలో సంగీత విద్యలో డిగ్రీ. మొదట్లో టెనర్ సాక్సఫోన్ కూడా వాయించేవారు. నల్లవాళ్ళని హోటళ్ళలోకి రానివ్వని రోజుల్లో వాళ్ళ నాన్న నడిపిన మోటెల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ బస చేశారు. ఈయన ఆధునిక జాజ్ వాయించేవారు. ఊరు పాత పద్ధతి జాజ్‌కి పేరుపడింది, టూరిస్టులు వచ్చేది దానికోసమే. ఆరుగురు కొడుకుల సంసారం. పాఠాలు చెప్పి నెట్టుకొచ్చారు. 1974 నుంచి నోకా అని పిలిచే ఇక్కడి కళల బడిలో, ఆ తర్వాత వర్జీనియాలో, మళ్ళీ వచ్చి 1989 నుంచి 2001 దాకా యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్‌లో. ట్రంపెట్ వాయించే టెరెన్స్ బ్లాంచర్డ్, పియానో వాయించి పాడే హ్యారీ కానిక్ జూనియర్ ఆయన శిష్యులే. కొడుకుల్లో నలుగురు జాజ్‌లో పెద్దవాళ్ళయ్యారు: బ్రాన్‌ఫర్డ్ సాక్సఫోన్, వింటన్ ట్రంపెట్, డెల్ఫియో ట్రాంబోన్, జేసన్ డ్రమ్స్. వింటన్‌కి 1997లో పులిట్జర్ వచ్చింది. పిల్లలకి పేరొచ్చాకే బయటి లోకానికి తండ్రి ఎవరో తెలిసింది. 2011లో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ జాజ్ మాస్టర్స్ గౌరవం ఇచ్చినప్పుడు తండ్రికీ నలుగురు కొడుకులకీ కలిపి ఇచ్చింది.

1990లో వింటన్‌తో కలిసి చేసిన రికార్డు ఒకటి ఉంది. ఈ వారం దాన్ని రోజూ ఎడమ చెయ్యి కోసం మాత్రమే విన్నాను. కొడుకు పలుకుతుంటే తండ్రి అడ్డురాడు. ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు అందిస్తాడు. నేను 2019లో బాల్కనీలో కూర్చుని వినకుండా వదిలేసింది ఇదే. శ్రుతి వదలడం కాదు, పక్కవాళ్ళ చేతికి అప్పగించడం. ఇది తెలిశాక మాస్టారి మాట అర్థమైంది.

మార్చి 14, శుక్రవారం

మార్డీ గ్రా పండగ హడావిడిలో పది రోజులు పోయాయి. వేగం 84, తొమ్మిది చుట్లు. ఎడమ చేతి దెబ్బలు బారుకి రెండుకి తగ్గించాను. మొదటి దెబ్బ మీద ఒకటి, రెండో దెబ్బకి మూడో దెబ్బకి మధ్యలో ఇంకొకటి. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో ఇప్పుడు భయం లేదు. తొమ్మిదో బారులో జి7 దగ్గర మాత్రం కుడి చెయ్యి ఇంకా తొందరపడుతోంది. అక్కడి నుంచి చివరి నాలుగు బార్లు విడిగా, రోజుకి ఇరవై సార్లు.

మార్చి 28, శుక్రవారం

ఎనిమిదికి రికార్డు చెయ్యకుండా స్నగ్ హార్బర్‌కి వెళ్ళాను. ఈసారి పియానో వాయించేవాళ్ళ ఎడమ చెయ్యి కనపడే చోటు అడిగి కూర్చున్నాను. సెట్టు అయ్యాక నడుచుకుంటూ వస్తుంటే 2020 గుర్తొచ్చింది. కోవిడ్‌తో ఆయన పోయినప్పుడు ఆయనకి 85. గుంపులు కూడకూడదన్నారు. ఈ ఊళ్ళో సంగీతకారుడు పోతే బ్రాస్ బ్యాండు ముందు నిదానంగా శోకగీతం వాయిస్తూ నడుస్తుంది, దేహాన్ని సాగనంపాక హుషారు పాట ఎత్తుకుంటుంది, వెనక జనం గొడుగులతో, చేతి రుమాళ్ళతో ఆడుతూ సాగుతారు. సెకండ్ లైన్ అంటారు. ఎంతోమందిని వాయించడానికి తయారుచేసిన ఆ మనిషిని అప్పుడు అలా సాగనంపలేకపోయారు. నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఏప్రిల్ 1, మంగళవారం

మెట్రోనోమ్ 48, అంటే వేగం 96. పెడల్ లేదు. మొదటి ప్రయత్నం నాలుగో చుట్టులో ఆగింది. రెండోది ఎనిమిదో చుట్టులో. మూడోసారి పది చుట్లూ అయ్యాయి. ఏడో చుట్టులో ఒక తప్పు స్వరం ఉంది, కానీ ఆగలేదు. 5 నిమిషాల 2 సెకన్లు. అమ్మకి పంపాను. "ఎడమ చెయ్యి బాగుంది నాన్నా, కుడి చెయ్యి ఇంకా ఎక్కువ మాట్లాడుతోంది" అని జవాబిచ్చింది.

రేపటి నుంచి ఇదే బ్లూస్ ఎఫ్‌లో, అంటే ఎఫ్ కీని షడ్జం చేసుకుని. కాగితం మీద చూసుకుంటే ఎడమ చేతి మూడు జతల్లో రెండు వేళ్ళకి తెలిసినవే. పాత ఎఫ్7 జత ఇక్కడ ఇంటి కార్డవుతుంది, పాత సి7 జత జి7 చేసిన పని చేస్తుంది. కొత్తగా నేర్చుకోవలసింది బి ఫ్లాట్ 7 ఒక్కటే. వేగం మళ్ళీ 60 నుంచి.