చిన్న రియాక్టర్‌కు కోల్డ్ న్యూట్రాన్ సోర్స్: రూపకల్పనలో నా అనుభవం

మా పరిశోధన రియాక్టర్ సామర్థ్యం మెగావాట్ స్థాయిలోనిదే. దానికి కోల్డ్ న్యూట్రాన్ సోర్స్ (న్యూట్రాన్లను చల్లబరచి, నెమ్మదింపజేసి ప్రయోగాలకు అందించే ఏర్పాటు) రూపొందించే బాధ్యత నాకు అప్పగించిన తరువాత తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ చివరకు శాసించింది వేడే.

గది ఉష్ణోగ్రత వద్ద థర్మల్ న్యూట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. పాలిమర్లు, ప్రోటీన్ల వంటి పెద్ద నిర్మాణాలను పరిశీలించేవారికి 4 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటిన న్యూట్రాన్లు కావాలి. న్యూట్రాన్ నెమ్మదించేకొద్దీ తరంగదైర్ఘ్యం పెరుగుతుంది కనుక, కోర్ సమీపంలో అతిశీతల మోడరేటర్‌ను (న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించే పదార్థాన్ని) అమర్చవలసి ఉంటుంది. పెద్ద రియాక్టర్లలో ఇందుకు 20 కెల్విన్ల దగ్గరి ద్రవ హైడ్రోజన్‌ను వాడతారు. అయితే ఒక లీటరు ద్రవ హైడ్రోజన్ గది ఉష్ణోగ్రతకు చేరితే సుమారు 850 లీటర్ల వాయువవుతుంది. గాలిలో దాని పాలు 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా అంటుకుంటుంది. అందుకు తగిన జడవాయు కవచానికీ, బఫర్ ట్యాంకులకూ మా హాలులో చోటు లేదు. ఘన మీథేన్ న్యూట్రాన్ల పరంగా చాలా మంచిదే గాని, వికిరణం వల్ల అందులో పోగుపడిన రాడికల్స్ (విరిగిన అణువుల చురుకైన ముక్కలు) ఒక్కసారిగా కలిసిపోయి ఉష్ణోగ్రతను ఎగదోసే ప్రమాదముంది. అందువల్ల, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు ట్రిగా రకం పరిశోధన రియాక్టర్‌లో ఇదివరకే వాడిన మెసిటిలీన్ అనే హైడ్రోకార్బన్ వైపు మొగ్గాం. వికిరణాన్ని బాగా తట్టుకునే ఈ పదార్థం గది ఉష్ణోగ్రతలో ద్రవంగా ఉండి, మైనస్ 45 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది.

అసలు కసరత్తు మెసిటిలీన్‌ను నింపే చాంబర్ దగ్గర మొదలైంది. 20 కెల్విన్ల దగ్గర ఒక్క వాట్ వేడిని తొలగించడానికి సిద్ధాంతరీత్యానే 14 వాట్లు కావాలి. చిన్న క్రయోకూలర్లకైతే (అతిశీతలీకరణ యంత్రాలకైతే) అది వంద దాటుతుంది. చాంబర్‌ను కోర్‌కు దగ్గరగా జరిపితే న్యూట్రాన్లతో పాటు వేడీ పెరుగుతుంది. అల్యూమినియం గోడను పలచన చేస్తే గామా కిరణాల వల్ల పుట్టే వేడి తగ్గుతుంది, కానీ చుట్టూ ఉన్న శూన్యానికీ లోపలి పీడనానికీ మధ్య నిలవవలసింది ఆ గోడే. కోర్‌కూ చాంబర్‌కూ మధ్యలో బిస్మత్ దిమ్మెను పెట్టి, గామాను అడ్డుకుంటూ న్యూట్రాన్లను చాలావరకు పోనిచ్చే ఏర్పాటు చేశాం. ఘన మెసిటిలీన్ వేడిని సరిగా ప్రసరింపజేయదు గనుక లోపల పలుచని అల్యూమినియం రెక్కలు అవసరమయ్యాయి. రెక్క ఆక్రమించిన చోట మోడరేటర్ ఉండదు కాబట్టి, వాటి సంఖ్య కోసం న్యూట్రాన్ల దారులను యాదృచ్ఛికంగా అనుకరించే మాంటే కార్లో లెక్కనూ ఉష్ణప్రసరణ లెక్కనూ మార్చి మార్చి వేశాం. నిజం చెప్పాలంటే ఇంత విసుగు పుట్టించిన పని మరొకటి లేదు.

భద్రతా సమీక్షలో ఎక్కువ ప్రశ్నలు చల్లబరచడం మీద కాక, తిరిగి వేడెక్కించడం మీద వచ్చాయి. వికిరణం వల్ల మెసిటిలీన్‌లో చిక్కుకున్న హైడ్రోజన్ అప్పుడే బయటపడుతుంది. ఉష్ణోగ్రతను మెల్లగా పెంచుతూ, పీడనాన్ని గమనిస్తూ, ఆ వాయువును నియంత్రిత మార్గంలో వదిలే క్రమాన్ని విధానపత్రంలో చేర్చిన తరువాతే ఆమోదం లభించింది.