వుడ్స్ హోల్‌లో కండె

బోస్టన్ సౌత్ స్టేషన్‌లో వుడ్స్ హోల్ బస్సు టికెట్ ధర చూశాక, ఈ ప్రయాణం మానుకుందామని మా అమ్మాయితో అన్నాను. ఇద్దరికీ రానూ పోనూ అయ్యే డాలర్లను రూపాయల్లోకి మార్చి చూస్తే, ఆ సొమ్ముతో కాకినాడ నుంచి హైదరాబాదుకు మా ఇంటిల్లిపాదీ గౌతమిలో వెళ్లి రావచ్చు. "ముప్ఫై ఒక్క ఏళ్లు నల్లబల్ల మీద గీసిన బొమ్మ కోసం ఇంత దూరం వచ్చి, ఈ ఎనభై మైళ్ల దగ్గర ఆగిపోతావా నాన్నా?" అని తను అడిగింది. నేనిక మాట్లాడలేదు. బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బోర్న్ వంతెన మీద కాలువ దాటేదాకా చెప్పుకోదగ్గది ఏమీ కనిపించలేదు, దాటాక కనిపించినవి పొట్టి పైన్ చెట్లు, ఇసుక నేల.

అమ్మాయి చెప్పిన ఆ బొమ్మ కణవిభజనది. మాది ఉప్పాడ. అమ్మ రాట్నం ముందు కూర్చుని పేక నూలును కండెలకు చుడుతుంటే, నిండిన కండెలను మగ్గం దగ్గరికి చేర్చడం చిన్నప్పుడు నా పని. నడుమ లావుగా ఉండి రెండు కొసలా సన్నబడే ఆ ఆకారం నా చేతులకు బాగా తెలుసు. తర్వాత జంతుశాస్త్రం చదువుకుని డిగ్రీ కళాశాలలో చేరి సమవిభజన పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, స్పిండిల్ అనే ఇంగ్లీషు మాటకు తెలుగు పుస్తకంలో 'కండె' అని ఉండడం చూసి నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. క్రోమోజోములను రెండు వైపులకూ చేర్చే ఆ కండె పోగులను రంగు సుద్దతో ఏడాదికి నాలుగైదు సార్లు గీసేవాడిని. అవి నిజంగా ఉన్నాయా అని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే సందేహించారన్న సంగతి, ఉద్యోగంలో చేరిన పదేళ్లకు గాని నాకు తెలియలేదు.

ఆ సందేహం ఉత్తదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ పోగులను చూసినవారు దాదాపు అందరూ, కణాన్ని రసాయనాలతో చంపి, బిగింపజేసి, రంగులద్ది చూశారు. కోడిగుడ్డును ఉడికిస్తే తెల్లసొన గడ్డకట్టినట్లు, ఆ రసాయనాల వల్లనే పోగులు పుట్టి ఉండవచ్చునని, బతికున్న కణంలో అలాంటివేవీ ఉండవని వాదించడానికి చోటు ఉంది. బతికిన కణాన్ని మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ చోట ఏమీ కనిపించదు. 1930లలో జర్మనీలో డబ్ల్యూ.జె. ష్మిట్ ధ్రువణ కాంతితో, అంటే ఒకే దిశలో కంపించే కాంతితో చూసి, అక్కడ మసకగా ఒక మెరుపు ఉందని గుర్తించారు. ఆ మెరుపులో పోగును పోగుగా చూపించి వాదాన్ని తేల్చినవారు షిన్యా ఇనౌయే. 1953లో క్రోమోసోమా పత్రికలో వచ్చిన ఆయన వ్యాసంలో, కీటోప్టెరస్ అనే సముద్రపు పురుగు అండాలలోనూ, లిల్లీ పుప్పొడి మాతృకణాలలోనూ, ప్రాణంతో ఉన్న కండె పోగులు లోకానికి స్పష్టంగా కనిపించాయి. ఆయన దశాబ్దాల పాటు వేసవులలో వచ్చి పనిచేసి, చివరికి స్థిరపడిన ఊరు వుడ్స్ హోల్. 2019 సెప్టెంబరులో తొంభై ఎనిమిదో ఏట ఆయన కన్నుమూసినప్పుడు ఇంట్లో ఆ వార్త చదివి, ఒక్కసారైనా ఆ ఊరు చూడాలని అనుకున్నాను.

బస్సు దిగితే ఎదురుగా మార్తాస్ విన్యార్డ్ ద్వీపానికి వెళ్లే ఓడల రేవు. దిగినవారిలో నూటికి తొంభై మంది అటే నడిచారు. మేము వాటర్ స్ట్రీట్‌లోకి తిరిగాము. ఊరు మొత్తం మా ఉప్పాడలో ఒక వీధికి సరిపోతుంది, కాకపోతే సముద్రపు వాసన మాత్రం అచ్చం ఒకటే. ఈల్ పాండ్ అనే చిన్న నీటిపట్టుకూ సముద్రానికీ మధ్య పడవ వచ్చినప్పుడల్లా పైకి లేచే వంతెన ఒకటి ఉంది. దానికి అవతల 1888లో మొదలైన మెరైన్ బయలాజికల్ లాబొరేటరీ. నీటిపట్టు ఒడ్డున రాతి గంటగోపురం ఒకటి కనిపిస్తే దగ్గరికి వెళ్లాము. అందులోని రెండు గంటలకు మెండెల్, పాశ్చర్ అని పేర్లు పెట్టారని తెలిసి అక్కడే కాసేపు నిలబడిపోయాను. శాస్త్రవేత్తల పేర్లు గుడిగంటలకు పెట్టుకున్న ఊరు మరెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఆ ప్రయోగశాలలో వేసవి కోర్సు చేస్తున్న ఒక ఖమ్మం కుర్రవాడు మా అమ్మాయికి స్నేహితుడు. అతను మమ్మల్ని లోపలికి తీసుకువెళ్లడానికి ఏర్పాటు చేశాడు. ముందుగా నేను చూడాలని అడిగింది ఒక కాగితాన్ని. ఇనౌయే కథ ఆ కాగితం దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం.

ఇనౌయే 1921లో లండన్‌లో పుట్టారు, తండ్రి జపాను దౌత్యవేత్త. ఆయనకు కణం మీద మనసు పడేలా చేసిన గురువు కత్సుమా డాన్. ఈ డాన్ అంతకుముందు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హైల్‌బ్రన్ దగ్గర చదువుకుని, వేసవులలో వుడ్స్ హోల్‌లో పరిశోధన చేసి, అదే గురువు దగ్గర చదివిన జీన్ క్లార్క్‌ను పెళ్లాడి జపానుకు తీసుకువెళ్లారు. యుద్ధంలో మిసాకిలోని వారి సముద్ర జీవశాస్త్ర కేంద్రాన్ని జపాను నౌకాదళం పొట్టి జలాంతర్గాముల స్థావరంగా మార్చింది. 1945లో జపాను లొంగిపోయాక అమెరికా సైనికులు వస్తున్నారని తెలిసి, డాన్ ఒక కాగితం మీద కుంచెతో ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి తలుపుకు అంటించి వెళ్లారు. ఇది అరవై ఏళ్లకు పైగా చరిత్ర ఉన్న సముద్ర జీవశాస్త్ర కేంద్రమని, మీలో తూర్పు తీరం వారెవరైనా ఉంటే వుడ్స్ హోల్ తెలిసి ఉంటుందని, ఇదీ అలాంటి చోటేనని, యుద్ధ సామగ్రిని ధ్వంసం చేసుకున్నా చదువుకు పనికివచ్చే పరికరాలను విద్యార్థుల కోసం ఉంచమని, మీ పని అయ్యాక మమ్మల్ని మా ఇంటికి రానివ్వమని ఆ మాటల సారాంశం. చివర సంతకం చేయవలసిన చోట తన పేరు రాయలేదు, ఆఖరున వెళ్లినవాడినని మాత్రం రాసుకున్నారు. సైనికులు దాన్ని చింపి పారేయలేదు. ఆ ఏడాది చివరికల్లా కేంద్రం తిరిగి టోక్యో విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది, కాగితం మాత్రం సముద్రాలు దాటి వుడ్స్ హోల్ చేరింది.

అద్దం వెనక ఆ అక్షరాలను చూశాను. నిటారుగా, పెద్దవిగా, తడబాటు లేకుండా ఉన్నాయి. ఓడిపోయిన దేశపు మాస్టారు గెలిచిన సైన్యానికి రాసిన ఉత్తరంలో ఎక్కడా బతిమాలడం లేదు. నేనూ మాస్టారినే కనుక, మా కళాశాల ప్రయోగశాలలో ఉన్న తొమ్మిది సూక్ష్మదర్శినులు గుర్తుకువచ్చాయి. ఒక తుఫాను ఏడు వాటిని నేనూ మా అటెండరూ నెత్తిన పెట్టుకుని మేడ మీదికి చేర్చాము. నా కళ్లు చెమర్చడం చూసి మా అమ్మాయి ఏమీ అనకుండా పక్కకు వెళ్లింది.

అలా దక్కిన మిసాకిలోనే, యుద్ధం ముగిసిన తొలి ఏళ్లలో, ఇనౌయే తన మొదటి ధ్రువణ సూక్ష్మదర్శినిని కట్టుకున్నారు. సామాను కొనడానికి దేశంలో డబ్బూ లేదు, సామానూ లేదు. పారేసిన మెషిన్‌గన్ దిమ్మెను పీఠంగా, తేయాకు డబ్బాను దీపపు గూడుగా వాడుకున్నారు. యుద్ధ సామగ్రిని ధ్వంసం చేసుకోండని గురువు రాస్తే, శిష్యుడు అందులో ఒక ముక్కను ఏరుకుని కణాన్ని చూసే పరికరానికి కాలుగా నిలబెట్టాడు. తర్వాత ప్రిన్స్‌టన్‌కు వచ్చి 1951లో డాక్టరేటు పొందారు. రోచెస్టర్, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెబుతూ ఒకదాని తర్వాత ఒకటిగా ఇంకా మంచి సూక్ష్మదర్శినులు కట్టారు. తోటివారు వాటిని ముద్దుగా షిన్యా స్కోపులనేవారు. కటకాల వంపు వల్ల ధ్రువణ కాంతి కొంత మెలిదిరిగి బొమ్మ మసకబారుతుంటే, 1957లో హైడ్ అనే దృశాశాస్త్రజ్ఞుడితో కలిసి దాన్ని సరిదిద్దే పరికరం తయారుచేశారు. ఇంత శ్రమ ఎందుకంటే, ఆ పోగుల గుండా పోయిన కాంతిలో వచ్చే తేడా దాని తరంగదైర్ఘ్యంలో వందో వంతు కూడా ఉండదు.

మధ్యాహ్నం గుల్లల చారు, రొట్టె తిన్నాము. దాని ధర ఇక్కడ రాయను. తిరిగి ప్రయోగశాలకు వెళ్లేసరికి కుర్రవాడు సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి అండాలను ఫలదీకరణ చేసి స్లైడు సిద్ధంగా ఉంచాడు. "సార్, మీరు కూర్చోండి" అని తన కుర్చీ నాకిచ్చాడు. గదిలో దీపాలార్పి చూస్తే, నల్లని చీకట్లో గుండ్రని అండం, దాని నడుమ అడ్డంగా, రెండు కొసలా సన్నబడిన తెల్లని మెరుపు. కొసల నుంచి పోగులు విసనకర్రలా విచ్చుకున్నాయి. మీట కొంచెం తిప్పితే తెల్లని పోగులు నల్లబడ్డాయి, మళ్లీ తిప్పితే తెల్లబడ్డాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో కొన్ని వేల మంది పిల్లలకు గీసి చూపించిన దాన్ని నేను ప్రాణంతో చూడడం అదే మొదటిసారి. మా కళాశాలలో ఉల్లి వేరు కొసలను రంగులో ఉడికించి నలిపి చూపించేవాళ్లం, అంతే.

"ఇప్పుడు చూడండి సార్" అంటూ అతను స్లైడు కింది చిన్న అరలోకి మంచునీరు వదిలాడు. కాసేపటికే మెరుపు పలచబడి మాయమైంది. అండం అలాగే ఉంది, కండె లేదు. వేడినీరు కాదు, గది వేడిమిలో ఉన్న నీటినే మళ్లీ వదిలితే, కొన్ని నిమిషాలలో అదే చోట పోగులు తిరిగి అల్లుకున్నాయి. ఇనౌయేను మామూలు పరిశీలకుల నుంచి వేరుచేసింది ఈ ఒక్క ప్రయోగం. పోగులు చిన్న చిన్న ముక్కలు చేరి ఏర్పడతాయని, విడిపోతే ఆ ముక్కలే కణంలో నిలవ ఉంటాయని, చేరడమూ విడిపోవడమూ నిరంతరం జరుగుతూ ఆ తూకంతోనే క్రోమోజోములు కదులుతాయని ఆయన ఊహించారు. ఆ ముక్క ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1967లో హిడెమి సాటోతో కలిసి ఆయన ఈ ఆలోచనను పూర్తిగా వివరించిన ఏడాదే, బోరిసీ, టేలర్ అనేవారు కాల్చిసిన్ మందు అతుక్కునే ప్రొటీనును వేరుచేశారు. దాన్నే నేడు ట్యుబ్యులిన్ అంటున్నాము. మన కంచెల మీద పాకే అడవినాభి దుంపలో ఉండేది ఆ కాల్చిసినే. పెరటి బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ కూడా ఈ పోగులను కట్టుకోనివ్వకుండా చేసి, పిల్లల రక్త క్యాన్సరును ఆపుతుంది. పాఠంలో ఈ రెండు మొక్కల గురించి చెప్పినప్పుడు మాత్రం చివరి బెంచీ పిల్లలు కూడా తలెత్తేవారు.

ఆ తర్వాతి సంగతులు కుర్రవాడికి నాకంటే బాగా తెలుసు. 1980ల మొదట్లో సూక్ష్మదర్శినికి వీడియో కెమెరా తగిలించి కంటికి ఆనని తేడాలను తెరకెక్కించిన విధానాన్ని రాబర్ట్ అలెన్, ఇనౌయే విడివిడిగా సాధించారు. 1985లో ఇదే ప్రయోగశాలలో వేల్, రీస్, షీట్జ్ స్క్విడ్ నాడీ తంతువులలో, ఇలాంటి పోగుల వెంట సరుకు మోసే కైనెసిన్ అనే ప్రొటీనును పట్టుకున్నది అలాంటి వీడియో సాయంతోనే. ఇనౌయే దగ్గర చదివిన టెడ్ సాల్మన్ మరో తరాన్ని తయారుచేశారు. "మా కోర్సులో ఇప్పటికీ ఇనౌయే గారి పుస్తకం తీస్తాం సార్" అన్నాడు కుర్రవాడు. తెలుగులో దీన్ని కండె అంటారని చెబితే, అతను ఇంగ్లీషు మాధ్యమంలో చదివినందున ఆ మాట ఎప్పుడూ వినలేదన్నాడు. అమ్మ చుట్టిన కండె సంగతి చెప్పాను. మగ్గం మీద పేక నూలు అయిపోతే కండె ఖాళీ అవుతుంది, దాన్ని మళ్లీ ఎవరైనా చుట్టాలి. ఈ కండెకు చుట్టేవారు లేరు, తనంతట తానే అల్లుకుని తానే విడిపోతుంది. అతను ఆ మాటను తన నోటుపుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకున్నాడు.

సాయంత్రం బస్సుకు వేళవుతోందని అమ్మాయి రెండుసార్లు గుర్తుచేసింది. లేచే ముందు ఇంకోసారి చూశాను. కండె కొసలు దూరం జరిగాయి, అండం నడుమ నొక్కు పడింది, మేము తలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చేలోపు అది రెండు కణాలైంది. మరో అరగంటకో ముప్పావుగంటకో నాలుగు అవుతాయని కుర్రవాడు చెప్పాడు. బస్సులో గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. నా లెక్క ప్రకారం, బోర్న్ వంతెన మీదికి ఎక్కేసరికి ఆ స్లైడు మీద నాలుగు కణాలు ఉండాలి.