నాలుగు సీసాలు

కడప, సోమవారం.

పొద్దున్నే దూది మార్చే పని. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి నూనెలు. కరోనా తగ్గి నెలలైనా వాసన తిరిగిరాని ముక్కుకు సాధన వీటితోనే. చిన్న సీసాలో దూది ఉండ, దాని మీద కొన్ని చుక్కలు. మన ఎండలకు నూనె తొందరగా ఎగిరిపోతుంది, కిటికీలో పెట్టకూడదు. వాసనే రావడం లేదని దిగులుపడేటప్పుడు తప్పు ముక్కుదో, ఎండిన దూదిదో తేలాలి. అందుకే వారానికోసారి ఇంట్లో మంచి ముక్కున్నవాళ్లకు చూపించాలి.

ఒక్కోటి 20 సెకన్లు. గట్టిగా పీల్చొద్దు, కుందేలు ముక్కు ఆడించినట్టు చిన్న చిన్నగా. మధ్యలో కాస్త విరామం. నిమ్మ సీసా చేతిలో ఉన్నంతసేపూ కోసిన నిమ్మకాయనే తలుచుకోవాలి, టీవీ వైపు చూడొద్దు. రోజుకు రెండు పూటలు, కనీసం 3 నెలలు. విసుగు పుట్టించే పనే మరి.

నీలగిరి దగ్గర ఒక మోసముంది. ముక్కులో చల్లగా తగిలేది వాసన కాదు, ముఖానికి స్పర్శ తెలిపే నరం చేసే పని. ఎండుమిరపకాయలు వేయిస్తే ముక్కు మండించేదీ అదే. "ఘాటు తెలుస్తోంది గదా, ముక్కు బాగానే ఉంది" అంటారు. ఘాటు వేరు, వాసన వేరు.

మధ్యాహ్నం పక్కింట్లో ఎర్రగడ్డల తాలింపు. వాసన తిరిగొచ్చే దశలో కొందరికి ఇదే కుళ్లు కంపు. వైరస్ ముందు దెబ్బకొట్టేది వాసన నరాల్ని కాదు, వాటిని కాచుకునే కణాల్ని. తర్వాత కొత్తగా పుట్టే నరాలు మెదడులో సరైన చోట కలవకపోవడం వల్లే ఈ తికమక అంటారు. తెల్లగడ్డ, కాఫీ, వేయించిన చెనిక్కాయలు, మాంసం బాగా సతాయిస్తాయి. వేడి తగ్గితే కంపూ తగ్గుతుంది కాబట్టి ఆరిన సంగటి, పెరుగన్నం నయం. తినలేని మనిషిని పట్టుకుని "నెపాలు చెప్తోంది" అని ఆడిపోసుకోవడం అన్యాయం. ఒక్క ముక్కురంధ్రంలోనే వాసన పోయినా, రక్తం పడినా అది వేరే సంగతి, చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాల్సిందే.

రాత్రికి గ్యాస్ సంగతి. లీకు తెలియడానికి కలిపే కంపు ఈ ముక్కుకు అందదు. పొయ్యి కట్టేసి, రెగ్యులేటర్ తెరిచి, ట్యూబు అతుకుల మీద సబ్బునురుగు రాస్తే బుడగలు చెప్తాయి. చూశాక రెగ్యులేటర్ కట్టేయాలి. పాచిపోయిన వాసనా తెలీదు కాబట్టి, మిగిలిన పప్పు గిన్నె మీద వండిన పూట రాసిన చీటీ.

లవంగం సీసా మూత వదులైంది. రేపు కొత్తది చూడాలి.