బుకింగ్ వాళ్ళ పేరున, డబ్బు మన కార్డు నుంచి: రిఫండ్ రాబట్టుకోవడం ఎలా

చెల్లెలి విమాన టికెట్‌కి అక్క కార్డు వాడుతుంది. స్నేహితుడి కోర్సు ఫీజు ఇంకో స్నేహితుడు కడతాడు. కట్టేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. ప్రయాణం ఆగిపోయి డబ్బు వెనక్కి కావాలన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. బుకింగ్ ఎవరి పేరున ఉందో వాళ్ళు ఫోన్ చేస్తే "డబ్బు కట్టింది మీరు కాదు కదా" అంటారు. కట్టినవాళ్ళు చేస్తే "బుకింగ్ మీ పేరున లేదు, వివరాలు చెప్పలేం" అంటారు.

చిరాకు పుట్టించే జవాబులే గానీ రెండింటికీ కారణం ఉంది. రద్దు చేయమని అడిగే హక్కు సాధారణంగా బుకింగ్‌లో పేరున్నవాళ్ళది. డబ్బు మాత్రం ఏ కార్డు నుంచి వెళ్ళిందో ఆ కార్డుకే తిరిగి రావాలి. అందుకని ఇద్దరూ విడివిడిగా తిరగకండి. రద్దు చేయకముందే ఇద్దరి వివరాలూ ఒకే మెయిల్‌లో పెట్టండి.

పేరున్నవాళ్ళ నుంచి కావలసినవి: బుకింగ్ లేదా ఆర్డర్ నంబరు, రసీదులో పేరు ఎలా పడిందో అచ్చం అలాగే, బుకింగ్‌కి ఇచ్చిన మెయిల్ ఐడీ. కట్టినవాళ్ళ నుంచి: లావాదేవీ తేదీ, చిల్లరతో సహా కచ్చితమైన మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు, స్టేట్‌మెంట్‌లో ఆ కంపెనీ పేరు ఎలా కనిపిస్తోందో అది. కార్డు పూర్తి నంబరు, సీవీవీ, ఓటీపీ రిఫండ్‌కి అక్కర్లేదు. అవి అడుగుతున్నారంటే అక్కడితో మాట ఆపేయండి.

మెయిల్ పేరున్నవాళ్ళ ఐడీ నుంచే వెళ్ళాలి, కట్టినవాళ్ళకి కాపీ పెట్టాలి. రాయవలసింది ఇంతే: "నా ఈ బుకింగ్ రద్దు చేయండి. దీనికి డబ్బు ఫలానా వారు, ఈ చివరి అంకెలున్న కార్డుతో చెల్లించారు. రిఫండ్ అదే కార్డుకి పంపండి. వోచర్ గానీ క్రెడిట్ గానీ నాకు వద్దు. ఈ విషయం వారితో మాట్లాడడానికి నా అనుమతి ఉంది." ఆఖరి వాక్యం ఉంటే "వివరాలు చెప్పలేం" అనే జవాబుకి ఆస్కారం చాలావరకు తగ్గిపోతుంది.

వోచర్ మాట ఊరికే రాయించడం లేదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. రద్దు చేస్తున్నప్పుడు "వెంటనే క్రెడిట్ తీసుకోండి" అనే బటన్ పెద్దగా కనిపిస్తుంది, పేరున్నవాళ్ళు మంచిదే కదా అని నొక్కేస్తారు. విమాన సంస్థల వోచర్లు చాలావాటికి ప్రయాణికుడి పేరే ఉంటుంది, ఇంకొకరు వాడుకోలేరు, గడువు కూడా ఉంటుంది. ఒకసారి ఒప్పుకున్నాక దాన్ని మళ్ళీ డబ్బుగా మార్పించడం దాదాపు అసాధ్యం. ఆన్‌లైన్ దుకాణాల్లో బహుమతిగా పంపిన వస్తువుకీ ఇదే జాగ్రత్త అవసరం. అందుకున్నవాళ్ళు వాపసు చేస్తే విలువ తరచుగా వాళ్ళ ఖాతాలోనే జమ అవుతుంది. మీ కార్డుకి రావాలంటే వాపసు మీ ఆర్డర్ల పేజీ నుంచి మీరే మొదలుపెట్టాలి.

"ఆ కార్డు వద్దు, నా ఖాతాకి వేయండి" అని పేరున్నవాళ్ళు అడిగితే కంపెనీ ఒప్పుకోకపోవడం న్యాయమే. ఒక కార్డుతో కట్టించి ఇంకో ఖాతాలోకి రిఫండ్ లాగడం దొంగ కార్డుల వాళ్ళు వాడే దారి. పైగా ఖాతాకి వేసిన తర్వాత కార్డుదారు బ్యాంకులో వివాదం వేస్తే కంపెనీ రెండుసార్లు కట్టుకోవాల్సి వస్తుంది. ముఖ పరిచయం లేనివాళ్ళు మీ చేత ఏదైనా కట్టించి, రద్దు చేసి, రిఫండ్ ఇంకెక్కడికో పంపమంటే ఒప్పుకోకండి.

కంపెనీ "పంపేశాం" అన్నా కార్డులో కనిపించకపోతే ముందు స్టేట్‌మెంట్ చూడండి. లావాదేవీ ఇంకా పెండింగ్‌లో ఉండగానే రద్దయితే విడిగా జమ పడదు, అసలు ఖర్చే మాయమవుతుంది. ఖర్చు అలాగే ఉంటే కంపెనీని ఏఆర్‌ఎన్, అంటే కార్డు లావాదేవీకి పడే గుర్తింపు నంబరు, అడగండి. 23 అంకెల ఆ నంబరుతో మీ బ్యాంకు రిఫండ్ ఎక్కడుందో వెతకగలదు. కార్డు గడువు తీరి కొత్తది వచ్చి ఉంటే మామూలుగా అదే ఖాతాకి చేరుతుంది. ఖాతానే మూసేసి ఉంటే డబ్బు కంపెనీకి తిరిగి వెళ్ళవచ్చు, లేదా బ్యాంకు దగ్గరే ఆగవచ్చు. అప్పుడు ఖాతా మూసినట్టు బ్యాంకు ఇచ్చే లేఖ కావాలి. వాయిదాలుగా మార్చిన మొత్తమైతే రిఫండ్ వచ్చినంత మాత్రాన వాయిదాలు ఆగిపోతాయనుకోకండి, బ్యాంకుకి విడిగా చెప్పి మూయించండి. వేరే దేశపు కరెన్సీలో కట్టి ఉంటే రిఫండ్ నాటి మారకం రేటు వర్తిస్తుంది, మార్పిడి రుసుము వెనక్కి రాకపోవచ్చు. కాబట్టి మొత్తం అటూ ఇటూ అవుతుంది.

కంపెనీ ఎంతకీ కదలకపోతే చార్జ్‌బ్యాక్, అంటే కార్డు ఇచ్చిన బ్యాంకులో వివాదం వేసి డబ్బు వెనక్కి అడగడం. ఇది వేయగలిగేది కార్డుదారు మాత్రమే. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా కారణాలకి గడువు 120 రోజులు, ఎప్పటినుంచి లెక్కించాలనేది కారణాన్ని బట్టి మారుతుంది. "రద్దు చేశాం, రిఫండ్ రాలేదు" లేదా "సేవ అందలేదు" అనే కారణమే రాయండి. "ఈ లావాదేవీ నేను చేయలేదు" అని రాశారో, కార్డు బ్లాక్ అవుతుంది, ఓటీపీ కొట్టింది మీరేనని తేలి వాదన కూలిపోతుంది. రద్దు ధ్రువీకరణ మెయిల్ పేరున్నవాళ్ళ ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది కాబట్టి అది తెప్పించుకుని జత చేయండి. రిఫండ్ నడుస్తుండగా మాత్రం చార్జ్‌బ్యాక్ వేయవద్దు. రెండూ ఒకదానికొకటి అడ్డం పడి, రావలసినదీ ఆగుతుంది.

ఏజెంటు ద్వారా కొంటే, స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరు ఉంటే వాళ్ళనే అడగాలి.

కార్డు కాకుండా బ్యాంకు బదిలీతో కట్టిన ఫీజుల్లో దానంతట అదే వెనక్కి వచ్చే దారి ఉండదు. సంస్థ మళ్ళీ కొత్తగా బదిలీ చేయాలి, చాలాసార్లు రసీదులో పేరున్న విద్యార్థికో రోగికో పంపుతుంది. మీ ఖాతాకి రావాలంటే ఆ విద్యార్థి లేదా రోగి సంతకం చేసిన అనుమతి పత్రం, మీ ఖాతా నుంచి డబ్బు వెళ్ళినట్టు చూపే స్టేట్‌మెంట్ పేజీ ఇవ్వాలి.

ఇక మీ ఇద్దరి మధ్య లెక్క. వాళ్ళు మీకు ముందే డబ్బు ఇచ్చేసి ఉంటే, మీ కార్డుకి వచ్చిన రిఫండ్ వాళ్ళది. జమ పడిన రోజే ఆ స్క్రీన్‌షాట్‌తో పాటు పంపేయండి. ఇంకా ఇవ్వకపోతే రద్దు చార్జీలు, మారకంలో తగ్గిన మొత్తం ఎవరు భరించాలో రద్దు చేయకముందే ఒక మెసేజ్‌లో రాసుకోండి. కట్టింది ఎంత, తిరిగి వచ్చేది ఎంత, తేడా ఎవరిది అన్న మూడు విషయాలు ఆ మెసేజ్‌లో ఉంటే చాలు.